బ్రిక్స్‌తో సొంత మోడళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెట్టెలో వచ్చిన పుస్తకం చూసి కట్టడం అయిపోయింది, ఇక సొంతంగా ఏదైనా చేయాలి అంటూ వచ్చిన ఉత్తరాలే ఈసారి ఎక్కువ. జవాబుల్లో మూడు అంకెలు పదేపదే వస్తాయి కాబట్టి వాటిని ముందే చెబుతున్నాం. లెగో బ్రిక్ పైన ఉండే గుండ్రటి బుడిపెను స్టడ్ అంటారు. ఒక స్టడ్ నడిమధ్య నుంచి పక్క స్టడ్ నడిమధ్యకు 8 మి.మీ. స్టడ్‌ను వదిలేసి కొలిస్తే బ్రిక్ ఎత్తు 9.6 మి.మీ., పలచటి ప్లేట్ ఎత్తు 3.2 మి.మీ. అంటే మూడు ప్లేట్లు ఒక బ్రిక్. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి ముక్కల డబ్బా మూతకు అంటించుకోండి.

ప్రశ్న: మా ఊళ్లో తిరిగే ప్యాసింజర్ ఆటో కట్టాలని మొదలుపెట్టాను. బాడీ బాగానే వస్తోంది గానీ, చక్రాలు తగిలించేసరికి మొత్తం చెడిపోతోంది. ఒకసారి చక్రాలు మరీ పెద్దవయ్యాయి, ఇంకోసారి మరీ చిన్నవి. స్కేలు ఎలా తేల్చుకోవాలి?
(డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: మీరు బాడీతో మొదలుపెట్టారు, చిక్కు అక్కడే వచ్చింది. బాడీని ఏ కొలతకైనా కట్టుకోవచ్చు. టైరు మాత్రం కంపెనీ అచ్చు పోసిన సైజుల్లోనే దొరుకుతుంది. కొలత మార్చే స్వేచ్ఛ మీకు ఎక్కడ లేదో అక్కడి నుంచే స్కేలు తీయాలి. బండి అయితే టైరు, ఇల్లు అయితే తలుపో కిటికీయో, మనుషుల బొమ్మలు నిలబెట్టే దృశ్యమైతే ఆ బొమ్మ.

ఆటో టైరు మీద 4.00-8 అని ఉంటుంది. 8 అంగుళాల రిమ్ము, దాని చుట్టూ 4 అంగుళాల టైరు. రెండు వైపులా కలిపితే వ్యాసం 16 అంగుళాలు, ఇంచుమించు 400 మి.మీ. బండి పొడవు సుమారు 2.6 మీటర్లు, వెడల్పు 1.3, ఎత్తు 1.7 మీటర్లు. ఇప్పుడు మీ దగ్గరున్న చిన్న టైర్లు తీసి స్కేలుతో కొలవండి.

15 మి.మీ. టైరు వాడితే స్కేలు 1:27 (400ను 15తో భాగిస్తే ఇంచుమించు 27, అంటే అసలు బండిలో 27వ వంతు). వెడల్పు 48 మి.మీ., అంటే సరిగ్గా 6 స్టడ్‌లు. పొడవు 12 స్టడ్‌లు. 17.5 మి.మీ. టైరు వాడితే స్కేలు 1:23. వెడల్పు 56 మి.మీ., అంటే 7 స్టడ్‌లు. పొడవు 14, ఎత్తు నేల నుంచి టాపు దాకా 23 ప్లేట్లు.

చూడగానే 6 వెడల్పే సులువు అనిపిస్తుంది, ఎందుకంటే ముక్కల్లో ఎక్కువ సరి సంఖ్యలే. కానీ ఆటోకు ముందు చక్రం ఒక్కటే, అదీ నట్టనడుమ. 6 వెడల్పులో నడుమ అంటే రెండు స్టడ్‌ల మధ్య అతుకు. అక్కడ చక్రం కూర్చోబెట్టాలంటే జంపర్ ప్లేట్ (1×2, అంటే ఒక స్టడ్ వెడల్పు, రెండు స్టడ్‌ల పొడవు సైజులో నడుమ ఒకే స్టడ్ ఉండేది) వేసి మొత్తం ముందు భాగాన్ని 4 మి.మీ. జరపాలి. 7 వెడల్పులో నడుమ ఒక స్టడ్ వరసే వస్తుంది. 6 మి.మీ. వెడల్పున్న టైరు 8 మి.మీ. సందులో హాయిగా తిరుగుతుంది. అందుకే మా ఓటు 1:23కి. ప్లేట్లను 4+3గా, పై వరసలో 3+4గా మార్చి మార్చి వేస్తే 7 వెడల్పు గట్టిగానే నిలుస్తుంది.

ముందు భాగం వెనకంత వెడల్పు ఉండదు. కుడి, ఎడమ జతగా వచ్చే 4×2 వెడ్జ్ ప్లేట్లు (ఒక పక్క ఏటవాలుగా కోసినట్టుండేవి) వాడితే 4 స్టడ్‌ల పొడవులో పక్కకు ఒక స్టడ్ చొప్పున తగ్గి 7 కాస్తా 5 అవుతుంది. ముందు అద్దానికి పారదర్శకమైన ముక్క వెతక్కండి. ఈ సైజులో నల్ల ఫ్రేమ్ కట్టి మధ్య ఖాళీ వదిలేస్తేనే చూడ్డానికి బాగుంటుంది. టాపు అంచులకు వంపు తిరిగిన స్లోప్‌లు (ఏటవాలు ముక్కలు) వాడండి, పైన మాత్రం నల్ల టైల్స్ (స్టడ్‌లు లేని నున్నటి ప్లేట్లు) వేయండి. స్టడ్‌లు బయటికి కనిపిస్తే అది రేకులా ఉంటుంది తప్ప గుడ్డ టాపులా ఉండదు.

ప్రశ్న: గోడకు పక్కవాటుగా టైల్స్ అంటిస్తున్నాను. పక్కన స్టడ్ ఉండే 1×1 బ్రిక్స్ రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి వాటికి ప్లేట్ తగిలిస్తే పట్టదు. పట్టినచోట సన్నటి సందు మిగులుతోంది. ముక్కల లోపమా?
(గృహిణి, విజయవాడ)

జవాబు: ముక్కల్లో లోపం లేదు. పక్కవాటు కట్టడం మొదలుపెట్టిన ప్రతివారికీ ఇది ఎదురవుతుంది. ఈ పద్ధతిని ఔత్సాహికులు స్నాట్ అంటారు.

మీరు పెట్టిన రెండు బ్రిక్స్‌లో పక్క స్టడ్‌ల మధ్య దూరం బ్రిక్ ఎత్తంత, అంటే 9.6 మి.మీ. తగిలించబోయిన ప్లేట్ కోరేది 8 మి.మీ. బలవంతం చేస్తే ఒకటి లేచిపోతుంది, లేదా ప్లేట్ వంగి కొన్నాళ్లకు పగులు తెస్తుంది. రెండు లెక్కలూ కలిసే చోటు ఒకటుంది: 5 ప్లేట్లు పేరిస్తే 16 మి.మీ., 2 స్టడ్‌లు కూడా 16 మి.మీ. కాబట్టి కింద ఒక పక్క-స్టడ్ బ్రిక్, దాని మీద రెండు ప్లేట్లు, ఆపైన మరో పక్క-స్టడ్ బ్రిక్ పెట్టండి. 9.6కు 6.4 కలిస్తే 16. ఇప్పుడు 1×3 ప్లేట్‌ను నిలువుగా తిప్పి అదిమితే దాని మొదటి, మూడో రంధ్రాలు ఆ రెండు స్టడ్‌ల మీద తేలిగ్గా కూర్చుంటాయి. ఈ బాధే వద్దనుకుంటే పక్కన నాలుగు స్టడ్‌లుండే 1×2 బ్రిక్ ఒకటి దొరుకుతుంది. దాని ఎత్తు బ్రిక్కూ మూడింట రెండొంతులూ, అంటే అదీ 16 మి.మీ.యే. ముక్క నంబరు 22885.

ఇక సందు సంగతి. గోడ నుంచి బయటికి సరిగ్గా ఒక స్టడ్ మందం, అంటే 8 మి.మీ. నింపాలి. ప్లేట్ల లెక్కలో అది రెండున్నర. రెండు ప్లేట్లు వేస్తే 6.4 మి.మీ., మిగిలిన 1.6 మి.మీ. మీకు కనిపిస్తున్న సందు. మూడు వేస్తే 1.6 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. దీనికి మందు బ్రాకెట్. ఎల్ ఆకారంలో ఉండే ఈ ముక్క నిలువు రేకు సరిగ్గా అర ప్లేట్ మందం, 1.6 మి.మీ. బ్రాకెట్, ఒక ప్లేట్, పైన ఒక టైల్ వేస్తే 1.6+3.2+3.2, మొత్తం 8. సందు పోతుంది. బ్రాకెట్లలో రేకు పైకి లేచేవి (99780), కిందికి దిగేవి (99781) అని రెండు రకాలు. రెండూ పదేసి దగ్గరుంచుకుంటే పక్కవాటు పనిలో సగం చిక్కులు తీరతాయి.

ప్రశ్న: స్కూల్ ఎగ్జిబిషన్‌కు పిల్లలతో చార్మినార్ కట్టించాలి. 32×32 బేస్‌ప్లేట్ ఉంది. కమాను కొస ఎలా తేవాలో, ఎంత ఎత్తు కట్టాలో చెప్పండి.
(సాంఘిక శాస్త్రం టీచరు, మహబూబ్‌నగర్)

జవాబు: చార్మినార్ చతురస్రం, ఒక్కో వైపు 20 మీటర్లు. మీ బేస్‌ప్లేట్ ఒక వైపు 32 స్టడ్‌లు, అంటే 256 మి.మీ. స్కేలు ఇంచుమించు 1:78. కమాను వెడల్పు 11 మీటర్లు అంటే 141 మి.మీ., దగ్గరి సంఖ్య 18 స్టడ్‌లు. రెండు వైపులా 7 చొప్పున మిగులుతాయి. 7+18+7, సరిగ్గా 32.

ఎత్తుకు మాత్రం పుస్తకాల్లోని అంకెను నమ్ముకోవద్దు. ఒకచోట 48.7 మీటర్లు అని, ఇంకోచోట 56 అని కనిపిస్తుంది. ఎదురుగా, దూరం నుంచి తీసిన ఫొటో ఒకటి ప్రింటు తీయించండి. దాని మీద వెడల్పును 32 భాగాలు చేసి గళ్లు గీయండి. ఎత్తు ఎన్ని గళ్లు వచ్చిందో దాన్ని 8తో హెచ్చవేసి 9.6తో భాగిస్తే ఎన్ని బ్రిక్ వరసలో తెలుస్తుంది. దగ్గర నిలబడి పైకెత్తి తీసిన ఫొటో పనికిరాదు, అందులో మినార్లు కురచగా పడతాయి.

కమాను కొస దేరాలంటే తయారుగా దొరికే గుండ్రటి ఆర్చ్ ముక్కలు పక్కన పెట్టి తలకిందుల స్లోప్‌లతో కట్టండి. సగం వెడల్పు 9 స్టడ్‌లు. కింద నిట్టనిలువుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలాలి. ఒక పద్ధతి ఇది: మొదట 75 డిగ్రీల తలకిందుల స్లోప్‌లు (2×1, మూడు బ్రిక్‌ల ఎత్తు) రెండు. 6 వరసల్లో 2 స్టడ్‌లు ముందుకొస్తుంది. తర్వాత 45 డిగ్రీలవి (3665) ఐదు. 5 వరసల్లో 5 స్టడ్‌లు. చివర 33 డిగ్రీల 3×1 ఒకటి. ఒక్క వరసలో 2 స్టడ్‌లు. మొత్తం 12 వరసల్లో 9 స్టడ్‌లు. అటు నుంచి కూడా ఇలాగే వచ్చి 18లో నడిమి అతుకు దగ్గర రెండూ కలుస్తాయి. వెడల్పు సరి సంఖ్య కావడం ఇక్కడ కలిసొచ్చింది.

ఇది కూలేది ఎక్కడంటే, స్లోప్ వెనక స్టడ్ మీద పిల్లలు 1×1 పెట్టేసినప్పుడు. ముందుకు వేలాడే ప్రతి స్లోప్‌నూ దాని వెనక స్టడ్ మీద నుంచి గోడలోకి పోయే 1×4 కానీ అంతకన్నా పొడుగుది కానీ తొక్కిపట్టాలి. కమానును రెండు స్టడ్‌ల మందంతో కట్టించండి. రెండు సగాలూ కలిసిన వెంటనే పైన 2×8 ప్లేట్లు అడ్డంగా వేసి కట్టు వేయండి. అది పడేదాకా కింద ఏదైనా డబ్బా ఆనించి ఉంచడం మంచిది.

మినార్లకు 2×2 గుండ్రటి బ్రిక్స్ పేర్చేటప్పుడు వాటి నడుమ ఉండే కూడిక గుర్తు ఆకారపు రంధ్రంలోంచి టెక్నిక్ (రంధ్రాలు, ఇరుసులు, పిన్నులతో కలిపే లెగో రకం) ఇరుసు దూర్చండి. 12 సైజు ఇరుసు 96 మి.మీ., అంటే 10 బ్రిక్స్‌కు సరిపోతుంది. ఇరుసు లేని మినారు ఎగ్జిబిషన్ రోజు మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. మూల 7 స్టడ్‌లు, గుండ్రటి ముక్కలు సరి సంఖ్యలు కదా అని కంగారొద్దు. మినార్లు నిలబడేది బయటి మూలకే కాబట్టి మూల మధ్యకు కాకుండా బయటి అంచుకు ఆనించండి.

ప్రశ్న: గోదావరి ఆర్చ్ బ్రిడ్జి ఒక స్పాన్ కట్టాను, 60 సెం.మీ. పొడవు. ట్రాక్ మధ్యలో జారిపోయి వంగుతోంది. ప్లేట్లు ఎన్ని వరసలు పెంచినా అంతే.
(రైల్వే ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: ప్లేట్లు పెంచేకొద్దీ బరువూ పెరుగుతోంది. దూలం గట్టిదనం వెడల్పుతో కన్నా ఎత్తుతో ఎక్కువ పెరుగుతుంది. గట్టి దూలానికి ఎత్తు రెట్టింపయితే వంగకుండా నిలిచే శక్తి 8 రెట్లు. అతుకులున్న బ్రిక్ దూలంలో అంత రాకపోయినా దారి అదే. ట్రాక్ కింద రెండు అంచుల్లో 1×16 టెక్నిక్ బ్రిక్స్‌తో దూలాలు వేయండి. ఐదు కలిపితే 80 స్టడ్‌లు, 64 సెం.మీ. కింద ఒక ప్లేట్ వరస, పైన ఒక ప్లేట్ వరస. తాపీ మేస్త్రీ ఇటుకలు పేర్చినట్టే ఏ అతుకూ ఇంకో అతుకు మీద పడకూడదు. బ్రిక్ అతుకు దగ్గర ప్లేట్ నడిమధ్య రావాలి, అంటే 8 స్టడ్‌లు జరిపి వేయాలి.

అసలు వంతెన బలమంతా దాని రూపంలోనే ఉంది. 1997లో వచ్చిన ఆ వంతెన బౌస్ట్రింగ్ రకం. ఆర్చ్ రెండు కొసలనూ బయటికి తోస్తుంది, కింది దూలం వాటిని లాగి పట్టి ఉంచుతుంది, నిలువు కడ్డీలు ట్రాక్‌ను ఆర్చ్‌కు వేలాడదీస్తాయి. మీరు ఆర్చ్‌ను అలంకారంగా పైన అతికించినట్టుంది. దాని కొసలను టెక్నిక్ పిన్నులతో దూలానికి బిగించండి. రాపిడి ఉండే నల్ల పిన్నులు వాడండి, వదులు పిన్నులు వద్దు. స్టడ్ పట్టు పైకి లాగితే ఊడుతుంది, కానీ పిన్ను అడ్డంగా దూరింది కాబట్టి ఊడదు. నిలువు కడ్డీలను ట్రాక్ వైపు కూడా బిగిస్తేనే బరువు ఆర్చ్ మీదకు పోతుంది.

దూలాన్ని రెండు బ్రిక్‌ల ఎత్తు చేయదలిస్తే నడుమ రెండు ప్లేట్లు వేయండి. పై బ్రిక్ రంధ్రానికీ కింది దానికీ దూరం 16 మి.మీ. అవుతుంది. నిలువుగా ఒక టెక్నిక్ బీమ్ పెట్టి మొదటి, మూడో రంధ్రాల్లో పిన్నులు దిగ్గొడితే పొరలు విడిపోవు. విజయవాడ పాఠకురాలికి చెప్పిన లెక్కే ఇక్కడా పనిచేసింది.

ప్రశ్న: కంప్యూటర్లో డిజైన్ చేసి ముక్కలు తెప్పించాను. తెర మీద నిలబడింది చేతిలో నిలబడటం లేదు. సాఫ్ట్‌వేర్ నమ్మకూడదా?
(సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్)

జవాబు: నమ్మవచ్చు, కొలతల వరకు. 1995లో జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టిన ఎల్‌డ్రా గానీ, ఇప్పుడు ఎక్కువమంది వాడే బ్రిక్‌లింక్ స్టూడియో గానీ (రెండూ ఉచితమే) ముక్కల కొలతలు తప్పు చూపవు. ఎల్‌డ్రాలో స్టడ్ దూరం 20, బ్రిక్ ఎత్తు 24, ప్లేట్ 8 యూనిట్లు. అన్నీ పూర్ణాంకాలే కాబట్టి పక్కవాటు లెక్కలు నోటితో చేసుకోవచ్చు.

తెర మీద మీరు గీసేటప్పుడు బరువుండదు, మీ వేళ్ల మందమూ ఉండదు. నాలుగు వైపులా మూసుకున్న గూట్లో చివరి ముక్క తెర మీద దూరుతుంది, చేత్తో దూరదు. ముక్కలు కొనే ముందు స్టెప్పుల వారీగా విడగొట్టి, ప్రతి ముక్కా పై నుంచి దిగే దారి ఉందో లేదో చూడండి. ఒక్క స్టడ్ మీద ఆధారపడ్డ భాగాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవే ఊడతాయి. రంగు కూడా చూసుకోవాలి: తెర మీద ఏ ముక్కకైనా ఏ రంగైనా వేయవచ్చు, ఆ రంగులో కంపెనీ ఆ ముక్కను ఎన్నడూ పోసి ఉండకపోవచ్చు. కొత్త నిర్మాణమైతే కష్టమైన కీలు ఒక్కటీ ఇంట్లో ఉన్న ముక్కలతో ఏ రంగులోనైనా కట్టి, ఊపి చూసి, ఆ తర్వాతే ఆర్డరు పెట్టండి. 1×1 టైల్స్, చిన్న స్లోప్‌లు పదింటికి ఒకటి ఎక్కువ తెప్పించండి, సోఫా కిందికి పోయేవి అవే.

ప్రశ్న: చౌకగా దొరికే వేరే కంపెనీల బ్రిక్స్ కలపవచ్చా?
(కరీంనగర్ నుంచి)

జవాబు: కలపవచ్చు, చోటు చూసి. బ్రిక్‌కు డెన్మార్క్‌లో పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. ఆ హక్కుల గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి అదే 8 మి.మీ. కొలతతో చాలామంది తయారుచేస్తున్నారు. తేడా అచ్చు కచ్చితత్వంలో ఉంటుంది. ఒక్కో ముక్కలో 0.05 మి.మీ. ఎక్కువైనా 20 వరసలకు 1 మి.మీ. అవుతుంది. రెండు గోడలు వేర్వేరు ముక్కలతో కట్టి పైకప్పు పెడితే అప్పుడు బయటపడుతుంది. లోపలి నింపుడుకు, కొండలకు, పునాదికి చౌకవి వాడండి. కీళ్లకు, పక్కవాటు పనికి, బయటికి కనిపించే గోడకు ఒకే రకం వాడండి. కొనేముందు చిన్న పరీక్ష: 2×4 బ్రిక్స్ పది పేర్చి ఎత్తు కొలవండి. చివరి స్టడ్ వదిలేస్తే 96 మి.మీ. రావాలి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. పుస్తకం ఉంటేనే కడతాడు, సొంతంగా చేయమంటే ఏం తోచదంటాడు.
(ఒక తల్లి, డల్లాస్)

జవాబు: డబ్బా మొత్తం ముందు కుమ్మరిస్తే పెద్దవాళ్లకూ తోచదు. ఓ 30 ముక్కలు, రెండు రంగులు ఏరి ఇచ్చి, "కుక్క చెయ్యి" అనండి. తర్వాత అవే ముక్కలతో కూర్చున్న కుక్క చేయమనండి. ముక్కలు చాలవేమో అన్న అనుమానం వద్దు. ఒకే రంగు 2×4 బ్రిక్స్ రెండుంటే 24 రకాలుగా కలపవచ్చు, ఆరుంటే 91,51,03,765 రకాలుగా. ఇంకో మార్గం, పుస్తకం చూసి కట్టిన కారునే తీసుకుని రెండు స్టడ్‌లు పొడుగు చేయమనడం. లోపల ఏది దేన్ని పట్టుకుందో అప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: పూర్తయిన మోడల్‌కు గమ్ పూయాలా? దుమ్ము, రంగు వెలవడం సంగతేమిటి?
(రిటైర్డ్ లెక్చరర్, అనంతపురం)

జవాబు: గమ్ వద్దు. సరిగ్గా కట్టినదానికి అక్కర్లేదు, తప్పుగా కట్టినదాన్ని అది నిలబెట్టలేదు, పైగా ముక్కలు మళ్లీ పనికిరావు. దుమ్ముకు మెత్తటి పెయింట్ బ్రష్ చాలు. మరీ జిడ్డు పడితే విడదీసి, 40 డిగ్రీలు దాటని నీళ్లలో కొంచెం సబ్బు వేసి చేత్తో కడిగి నీడలో ఆరబెట్టండి. వాషింగ్ మెషిన్‌లో వేయకండి.

ఎండ అసలు శత్రువు. ఏబీఎస్ ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాలకు పచ్చబారుతుంది, తెలుపు, నీలం, బూడిద రంగుల్లో ముందు కనిపిస్తుంది. మీ ఊరి ఎండకు కిటికీ పక్కన అసలే పెట్టవద్దు. పాత ఎర్ర గోధుమ రంగు ముక్కలు కొన్ని పెళుసుగా ఉండి ఊడదీసేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. అవి ఇప్పటికే మోడల్‌లో ఉంటే కదపకుండా చుట్టుపక్కలవి మాత్రం తుడవండి.